సిమెంటు తొట్టిలో ఫిల్టర్ నీళ్లు

మా మామ నెక్కొండ పోయి కుక్కపిల్లను వెంటేసుకొస్తాడని ఎవరైనా ముందే చెప్పి ఉంటే పడీ పడీ నవ్వేదాన్ని. మామ అంటే మా ఆయన తండ్రి. వరంగల్‌లో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం మీద మా ఆయన, వెనక వాకిట్లోని కొట్టంలో నూలుకు రంగులద్దుతూ మామ. కుక్కను పెంచుకుందామని పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ నేను అడుగుతూనే ఉండేదాన్ని. పద్దెనిమిదేళ్లూ మామ జవాబు ఒకటే. "దాని బొచ్చు నూలుల పడ్తది, వద్దు."

అలాంటి మనిషి మూడేళ్ల కింద, ఎండలు ముదురుతున్న రోజుల్లో, చుట్టాలింటి ఫంక్షన్‌కు పోయి ప్యాసింజర్ బండిలో తిరిగొచ్చాడు. భుజానున్న సంచిని వాకిట్లో దించి, నా మొహం చూడకుండా, "గిది జర చూడు" అన్నాడు. సంచిలోంచి ముందు ఒక చెవి వచ్చింది. తర్వాత ఒక ముక్కు. తర్వాత నాలుగు నెలల ఆడ కుక్కపిల్ల మొత్తంగా దొర్లి నా కాళ్ల మీద పడింది. ఇటుక రంగు ఒళ్లు, ముందు కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టు.

"స్టేషన్ల నా కాళ్లకాడనే పండుకున్నది. బండెక్కితే ఎనకనే ఎక్కింది. టీసీ చూస్తడని సంచిల పెట్టిన. నేనేం జెయ్యాలె?" అన్నాడు మామ, దొంగతనం చేసి దొరికినవాడిలా.

నేను ఎగిరి గంతేశాను. నలభై ఏళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, వాకిట్లో గంతులేస్తుంటే మగ్గం ఆపి బయటికొచ్చిన మా ఆయన ముక్కున వేలేసుకున్నాడు. పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు కాబట్టి బతికిపోయాను, లేకపోతే వీడియో తీసేవాళ్లు. దానికి పేరు మాత్రం పెట్టలేదు. మామ నాలుకతో 'చ్చొ చ్చొ' అంటే పరుగెత్తుకొచ్చేది, అదే దాని పేరైంది.

నాకు ఏదైనా పట్టుకుంటే వదలని రోగం ఉంది. ఆ రాత్రే ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. కుక్కకు తిండి ఒక పూట తక్కువైనా ఫరవాలేదు గానీ నీళ్లు మాత్రం మంచివి ఉండాలట. దుమ్ము పడకూడదు, దోమలు గుడ్లు పెట్టకూడదు, ఎండలో ఉడకకూడదు. చదివిన కొద్దీ ఉత్సాహం ఎక్కువైంది. తెల్లారేసరికి మా ఇంటి నీళ్ల మంత్రిని నేనే. నల్లా నీళ్లు వద్దు, మేం తాగే ఫిల్టర్ క్యాన్ నీళ్లే దానికీ అని ప్రకటించాను. పక్కింటి అక్క గోడ మీద నుంచి వినేసింది.

"కుక్కకు క్యాన్ నీళ్లా? మా ఇంటికొచ్చిన సుట్టాలకే నల్లా నీళ్లిస్తానం!" అని ఆమె నవ్వింది.

"మీ సుట్టాలు తోకూపుతరా అక్కా?" అన్నాను. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది.

నీళ్లు సరే, దేంట్లో పెట్టాలి? మొదట స్టీలు గిన్నె పెట్టాను. మధ్యాహ్నంలోపు మూడుసార్లు బోర్లించింది. నాలుగోసారి ఆ గిన్నెను నోట కరుచుకుని మగ్గం గుంటలో పడేసింది. కింద కాళ్లతో తొక్కే చెక్కల మీద గిన్నె ఖంగున పడితే మా ఆయన గుండె జారిపోయినంత పనైంది.

"గట్ల గాదు, జర ఆగుండ్రి" అని మామ రంగుల కొట్టం పక్కకు పోయాడు. అక్కడో చిన్న సిమెంటు తొట్టి ఉంది. చేటంత వెడల్పు, జానెడు లోతు. ఆయనే ఎప్పుడో సొంతంగా పోసుకున్నది. అంతకుముందటి చలికాలం దాకా రంగుల పనిలో వాడి, స్టీలు గాబు కొన్నాక మూలకు నెట్టేశాడు. "గిదైతే బోర్లదు, పగులది. నీళ్లు సల్లగ గూడ ఉంటయ్" అన్నాడు. ఇద్దరం కలిసి దాన్ని నీడకు లాగాం. కొబ్బరి పీచుతో ఆయనే తోమాడు. కడిగాడు, మళ్లీ తోమాడు, మళ్లీ కడిగాడు. తర్వాత నిండా నీళ్లు పోసి, మా ఇంటి పరీక్ష పెట్టాడు.

ఆ పరీక్ష గురించి చెప్పాలి. రంగులద్దే ఇంట్లో గిన్నె శుభ్రమైందా లేదా అని ఎవరూ వాసన చూడరు, రుచి చూడరు. తెల్లని నూలు పోగును నీళ్లలో ముంచి, పిండి, ఎండకు పట్టి చూస్తారు. పోగుకు ఇసుమంత మరక అంటినా గిన్నె మళ్లీ కడుగుడే. పోగు తెల్లగా ఉంటే నీళ్లు మంచివి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మామ నా చేత బిందె తోమించి అందులోనూ పోగు ముంచాడు. అప్పుడు ఒళ్లు మండింది గానీ, తర్వాత తర్వాత నేనూ అదే చేయడం మొదలుపెట్టాను. ఆ రోజు తొట్టిలోంచి తీసిన పోగు మల్లెపువ్వులా ఉంది. మామ దాన్ని నా కళ్ల ముందు ఆడించి, "మచ్చ లేదు" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను.

దాని మీద మూత కోసం పాత అట్ట కత్తిరించి, కుక్క మూతి పట్టేంత కంత పెట్టాను. పొద్దున్నే నింపేదాన్ని, సాయంత్రం తగ్గినంత మళ్లీ పోసేదాన్ని. వీధిలో ఇంకెవరి కుక్కకూ ఇంత మర్యాద లేదని నాకు గర్వంగా ఉండేది.

మా మహారాణికి మాత్రం ఆ మర్యాద నచ్చలేదు. కంతలో మూతి పెట్టి రెండు గతుకులు గతికి, తల విదిల్చి, వెళ్లిపోయేది. ఎక్కడికి పోతుందా అని వెనకే పోయి చూస్తే, కూలర్ కింద ట్రేలో తాగుతోంది! పాచి పట్టి, దోమ పిల్లలు లుకలుకలాడే నీళ్లు! మరో రోజు పక్కింటివాళ్లు బట్టలు జాడించిన బకెట్‌లో. ఇంకో రోజు పూలకుండీ కింది సాసర్‌లో.

నాకు చిర్రెత్తుకొచ్చింది. క్యాన్ నీళ్లు పోస్తే మురికి నీళ్లు తాగుతావా అని దానితో వాదన పెట్టుకున్నాను. అది బుద్ధిగా కూర్చుని విని, వాదన అయిపోగానే కూలర్ దగ్గరకు నడిచింది.

"సంచిల తెచ్చినం గదా, పల్లె బుద్ధి పోలే" అన్నాడు మామ నవ్వుతూ.

"పోగొడ్త చూడుండ్రి" అన్నాను.

ఇక చూడాలి నా పట్టుదల! కూలర్ ట్రే ఎండబెట్టి చెక్క అడ్డం పెట్టాను. బకెట్లన్నిటికీ మూతలు పెట్టాను. పూలకుండీ సాసర్లు తీసి అటక మీద పెట్టాను. గేటు కింది సందుకు ఇటుకలు పేర్చాను. ఇంట్లో తొట్టి తప్ప దానికి ఇంకో చుక్క దొరకకుండా చేశాను. మధ్యాహ్నం దాకా అది అలిగి పడుకుంది. ఎండ ముదిరాక లేచి, తొట్టి దగ్గరకు పోయి, తాగింది. ఆగి, తల విదిలించి, మళ్లీ తాగింది. నేను వంటింటి కిటికీలోంచి చూసి, గెలిచాను అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున అది లేవలేదు. తొట్టి పక్కనే పడి ఉంది. నోటి వెంట నురగ, ముందర పసుపుపచ్చని కక్కు. పెదాల లోపల ఎర్రగా వాచి ఉంది. 'చ్చొ చ్చొ' అన్నాడు మామ. తోక ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకుంది. దాన్ని చీర కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కాను. మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పక్కన ఎక్కాడు. దారిలో తాగుతుందేమోనని వాటర్ బాటిల్‌లో తొట్టి నీళ్లు కూడా పట్టుకున్నాను.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. దాని నోరు తెరిచి టార్చి వేసి చూసింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"నోరంతా కాలినట్టుంది. ఏం తిన్నది?"

"మేం తిన్నదే. అన్నం, పెరుగు."

"నీళ్లు?"

ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు, "ఫిల్టర్ నీళ్లు మేడం! క్యాన్‌వి! మూత పెట్టి మరీ ఇస్తాన" అన్నాను. అంత భయంలోనూ నా గొంతులో ఆ గర్వం పోలేదు.

"దేంట్లో పెడుతున్నరు?"

ఈసారి మామ చెప్పాడు. తొట్టి సంగతి, తోమిన సంగతి, తెల్ల పోగు సంగతి. "ఇసుమంత మరక లేదు మేడం" అన్నాడు.

"ఆ తొట్టిలో ఇంతకుముందు ఏం పోసేవారు పెద్దాయనా?"

"రంగైతే పొయ్యలే మేడం. రంగు వేరే గాబుల కలుపుత. దాంట్ల వట్టి కాస్టిక్ సోడా..."

అక్కడ ఆగిపోయాడు. నూలుకు రంగు పట్టడానికి యాభై ఏళ్లు ఆ సోడా కలిపిన మనిషి. దానికి రంగు ఉండదని, నీళ్లలో కలిస్తే నీళ్లలాగే ఉంటుందని, తెల్ల పోగు దాన్ని ఎన్నటికీ పట్టి చూపించదని ఆయనకు తెలియనిదా! తెలుసు. కానీ మా ఇంట్లో మురికి అంటే రంగు. రంగు లేదంటే మురికి లేదు. ఆ లెక్కలో మేం ఎంత మునిగిపోయామంటే, ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఆలోచనే రాలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "సిమెంటు సోడాను తాగేసి ఉంటది. మీరు పైపైన కడిగిన్రు. నీళ్లు నిలవ ఉన్న కొద్దీ లోపలిది ఊరి వస్తది" అంది. నా బాటిల్ లోంచి రెండు చుక్కలు తన వేళ్ల మీద వేసుకుని రుద్ది చూసి, వెంటనే కొళాయి కింద చెయ్యి కడుక్కుంది.

"తాగనని అది చెప్తనే ఉన్నది మేడం. మిగిలిన నీళ్లన్ని మూసింది నేనే" అన్నాను. ఏడుపు ఆగలేదు. పాచి నీళ్లు తాగుతోందని దాన్ని తిట్టాను కదా, అది పాచిని కోరుకోలేదు, నోరు మండని నీళ్లు వెతుక్కుంది.

ఆమె ఇంజెక్షన్ ఇచ్చి, సూటిగా చెప్పింది. "గొంతు లోపల ఎంత కాలిందో ఇప్పుడే చెప్పలేను. సాయంత్రం అయిదింటి దాకా చూడండి. దానంతట అది నీళ్లు తాగిందంటే గొంతు దిగుతున్నట్టు. తాగకపోతే ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి, అప్పుడు నాకూ కష్టమే. బలవంతంగా మాత్రం పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతది."

ఇంటికి వచ్చేసరికి పదకొండు. దాన్ని నీడలో జంపఖానా మీద పడుకోబెట్టి, నేను నేరుగా తొట్టి దగ్గరకు పోయాను. డాక్టరమ్మ చేసినట్టే రెండు వేళ్లు ముంచి రుద్దాను. సబ్బు నీళ్లలా జర్రున జారింది! అంత స్పష్టంగా తెలుస్తోంది! రోజూ రెండు పూటలా పైనుంచి నీళ్లు పోశానే గానీ ఒక్కసారి కూడా వేలు పెట్టలేదు.

"మామా, వేలు పెట్టి చూడుండ్రి, ఎట్ల జారుతాందో!"

ఆయన వచ్చి చేయి ముంచాడు. రుద్దాడు. మళ్లీ ముంచాడు. బొటనవేలితో మిగతా వేళ్లన్నీ ఒక్కొక్కటే రాసి చూశాడు. నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"నాకేం తెలుస్తలేదు బిడ్డా."

గోళ్ల అంచుల్లో నీలం, అరచేతుల నిండా ఏళ్ల తరబడి సోడాకు బిరుసెక్కిన చర్మం. ఆ చేతుల్ని ఆయన తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో చూస్తున్నట్టు. ఆయన గునపం తెచ్చి తొట్టిని నాలుగు దెబ్బల్లో పగలగొట్టాడు.

తర్వాత మొదలైంది మా అసలు పని. కొత్త స్టీలు పళ్లెంలో నీళ్లు పెట్టాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. మట్టి మూకుడులో పెట్టాను. తిప్పుకుంది. మా ఆయన మగ్గం వదిలి బజారుకు పరుగెత్తి కుక్కలకని అమ్మే గిన్నె కొనుక్కొచ్చాడు. దాన్నయితే చూసి లేచి రెండడుగులు దూరం జరిగింది. నేను సిగ్గు విడిచి కూలర్ ట్రే తెచ్చి దాంట్లో మంచి నీళ్లు పోశాను. అందులోనూ మూతి పెట్టలేదు. నా చేతిలో గిన్నె కనబడితే చాలు, చెవులు వెనక్కి వాల్చేది. నీళ్లంటేనే నమ్మకం పోయింది దానికి, ముఖ్యంగా నేను పెట్టే నీళ్లంటే. ఒంటి గంట, రెండు, మూడు. నాలుక ఎండి బయట వేలాడుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతున్నాను. పక్కింటి అక్క గోడ మీద నుంచి, "తాగిందా?" అని అరగంటకోసారి అడుగుతోంది, ఇప్పుడు నవ్వడం లేదు.

నాలుగున్నరకు మామ లేచాడు. స్టీలు పళ్లెం నా చేతిలోంచి తీసుకుని, కడిగి, క్యాన్ నీళ్లు పోశాడు. దాని ఎదురుగా జంపఖానా మీద చతికిలబడ్డాడు. పళ్లెం ఇద్దరికీ మధ్యన పెట్టి, రెండు చేతులూ నేలకు ఆనించి వంగి, ఆ పళ్లెంలో మూతి పెట్టి తాగాడు. డెబ్బై దాటిన మనిషి! నేను ఇచ్చిన చెంబుకు చిన్న చొట్ట ఉంటే నీళ్లు ముట్టని మనిషి! గుటక గుటకకూ చప్పుడు వినబడేలా తాగాడు. తలెత్తాడు. మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి. మా ఆయన, "నాయినా..." అన్నాడు. మామ అతన్ని చేత్తోనే ఆపాడు.

అది తల ఎత్తింది. ముక్కు సాచి ఆయన మీసాలను వాసన చూసింది. నాకింది. ఆయన మళ్లీ వంగి తాగాడు, ఇంకా ఎక్కువసేపు. ఆయన తల పక్కనే దాని తల కూడా మెల్లగా వంగింది. ముందు నాలుక కొస తగిలించి వెనక్కి లాక్కుంది. ఆగింది. మళ్లీ తగిలించింది. ఆ తర్వాత లపలపలపలప!

"తాగుతాంది! తాగుతాంది!" అని నేను వేసిన కేకకు వీధి మొత్తం మా గేటు దగ్గర ఉంది. పక్కింటి అక్క చేతికి పిండితోనే వచ్చింది. "మెల్లగ, భయపడ్తది!" అని అందరూ నన్ను కసిరారు. అది ఏమీ భయపడలేదు. పళ్లెం అడుగు కనబడేదాకా తాగి, ఒక్క దగ్గు దగ్గి, ఇంకా కావాలన్నట్టు మామ మొహంలోకి చూసింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి ఏం చెప్పానో నాకు తెలియదు. ఆమె మాత్రం, "ఫస్ట్ మీరు కూర్చోండి, మీరు కూడా నీళ్లు తాగండి" అంది.

మామ ఇంకా నేల మీదే కూర్చుని ఉన్నాడు. గడ్డం తుడుచుకోలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

వారం రోజుల్లో దాని నోరు మానింది. స్టీలు పళ్లెమే దాని గిన్నె అయింది. పూటపూటకూ పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోసేది నేను. పోశాక రెండు వేళ్లు ముంచి రుద్ది చూసేది కూడా నేనే.

ఒక పొద్దున అలా చూస్తుంటే రంగుల కొట్టంలోంచి మామ పిలిచాడు. ఇన్నేళ్లలో ఆ గడప దాటి లోపలికి రమ్మని ఆయన నన్ను పిలవడం అదే మొదలు. రంగు వేసే చోట ఇంకొకరి చెయ్యి పడితే రంగు మారుతుందని ఆయన నమ్మకం. మా ఆయనను కూడా రానిచ్చేవాడు కాదు. నేను గడప దగ్గరే ఆగాను.

"లోపటికి రా బిడ్డా" అన్నాడు. చేతిలో అప్పుడే జాడించిన ఎర్ర నూలు చిలప, పోగుల చుట్ట. దాన్ని పిండి, కారిన నీళ్లను దోసిట్లో పట్టి నా ముందుకు చాపాడు. "సోడా పోయిందా లేదా? జర నువ్వు చూసి చెప్పు."

వేళ్లు ముంచి రుద్దాను. అబద్ధం చెబుదామని ఒక్క క్షణం అనిపించింది.

"జారుతాంది మామా."

ఆయన తలాడించాడు. చిలపను తీసుకుపోయి మళ్లీ నీళ్లలో ముంచాడు.